కావాలంటే వెళ్లండి

ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు నా చేతిలో పెట్టిన డిశ్చార్జి సమ్మరీ ఏడు పేజీలు ఉంది. 33 ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని. కాగితం చేతికొస్తే చివరి పంక్తి దాకా చదవనిదే పక్కన పెట్టలేను. మందుల జాబితా, కుట్ల సంగతి, మళ్లీ ఎప్పుడు రావాలో, ఏమి తినకూడదో అన్నీ అయ్యాక, ఏడో పేజీ అడుగున, సంతకానికి కొంచెం పైన ఒక ముక్క కనిపించింది: ‘కార్డియాక్ రిహాబిలిటేషన్ సూచించడమైనది.’ అంటే గుండె వైద్యం తర్వాత మనిషిని మళ్లీ నిలబెట్టే పునరావాసం. కాగితం మీద అంతే. ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు అన్నది లేదు. ఆ ఆసుపత్రిలో 12 రోజులు ఉన్నాను. ఆ మాట నాతో ఎవరూ అనలేదు.

నాకు 69 ఏళ్లు. షుగరు వచ్చి 18 ఏళ్లు. గుండెపోటు అంటే ఛాతీ పట్టుకుని కూలిపోవడమే అనుకునేదాన్ని. నాకు అలా రాలేదు. దవడ లాగింది, రెక్కల మధ్య వీపు పట్టేసింది, ఒళ్లంతా చెమట, వికారం. గ్యాసనుకుని రెండు రోజులు వాము నములుతూ కూర్చున్నాను. ఆడవాళ్లకు, అందులోనూ షుగరున్నవాళ్లకు అది ఇలా దొంగలా రావడం అరుదేమీ కాదని తర్వాత తెలిసింది. యాంజియోగ్రామ్ తీస్తే మూడు రక్తనాళాల్లోనూ అడ్డంకులే. స్టెంట్లతో అయ్యే పని కాదన్నారు. సెప్టెంబరు మొదటి వారంలో బైపాస్ చేశారు. ఆ భాగం గురించి చెప్పడానికి నా దగ్గర ఎక్కువ లేదు, నిద్రపుచ్చారు, లేపారు. లేచాక, దగ్గు వచ్చినప్పుడల్లా దిండును ఛాతీకి హత్తుకోవడం నేర్పారు. మూడు బంతులున్న ప్లాస్టిక్ డబ్బాలోంచి గాలి పీల్చమన్నారు. మూడో బంతి ఇంటికి వచ్చే రోజుకు గాని పైకి లేవలేదు.

మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. మా ఆయన ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యారు. నేను ఇంటికి చేరేసరికి పడకగదిని వార్డులా మార్చేశారు. పూజగదిలోని గంట తెచ్చి నా తలగడ పక్కన పెట్టి, ‘‘ఏం కావాలన్నా కొట్టు, నువ్వు మాత్రం మంచం దిగకు’’ అన్నారు. మొదటి వారం అది బాగానే ఉంది. 45 ఏళ్ల సంసారంలో నేను గంట కొడితే ఆయన రావడం అదే మొదలు. రెండో వారానికి ఆ గంటను చూస్తేనే ఏడుపొచ్చేది. చూడటానికి వచ్చినవాళ్లంతా ఒకటే మాట: ‘‘ఇంక అన్నీ మానేసి హాయిగా విశ్రాంతి తీసుకో వదినా.’’ మానేయడానికి ఏమి మిగిలిందని? మూడు కిలోలకు మించి ఎత్తకూడదు, చేతులు ఆనించి లేవకూడదు, తలుపు గట్టిగా లాగకూడదు. ఛాతీ ఎముక అతుక్కునేదాకా అవన్నీ నిజమే. కానీ వాళ్లు చెబుతున్నది ఆ రెండు నెలల సంగతి కాదు, మిగిలిన జీవితం సంగతి.

ఆ భయానికి మా ఇంట్లో ఒక చరిత్ర ఉంది. 1974లో మా నాన్నకు గుండెపోటు వచ్చింది. అప్పుడు ఆయనకు 52. నెల దాటేవరకు మంచం దిగనివ్వలేదు, పక్కకు తిరగాలన్నా ఒకరు పట్టుకునేవారు. తర్వాత పదకొండేళ్లు బతికారు గానీ, మెట్టు ఎక్కలేదు, బిందె ఎత్తలేదు, మనవణ్ణి చంక వేసుకోలేదు. ఇంట్లో ఆయన అద్దాల బీరువాలోని బొమ్మ. తమాషా ఏమిటంటే, నాన్నను అలా పడుకోబెట్టడానికి 22 ఏళ్ల ముందే, 1952లో, అమెరికాలోని బోస్టన్‌లో లెవిన్, లౌన్ అనే ఇద్దరు వైద్యులు గుండెపోటు వచ్చినవాళ్లను మొదటి రోజుల నుంచే కుర్చీలో కూర్చోబెట్టి, దానివల్ల చేటు కాదు, మేలే జరుగుతుందని రాశారు. అప్పటిదాకా వారాల తరబడి మంచమే మందు. 22 ఏళ్లయినా ఆ కుర్చీ బోస్టన్ నుంచి మా ఊరికి రాలేదు. మంచం మాత్రం ఇప్పటికీ మా చుట్టాల తలల్లోంచి బయటికి పోలేదు.

ఆరు వారాలకు పరీక్షకు వెళ్లినప్పుడు సర్జన్‌గారికి ఆ ఏడో పేజీ చూపించాను. గాయం చూశారు, కాలి వాపు నొక్కి చూశారు, మందు ఒకటి తగ్గించారు. ఆ పంక్తి దగ్గరకు వచ్చేసరికి, ‘‘ఓ, అదా? వ్యాయామాలు నేర్పిస్తారమ్మా. కావాలంటే వెళ్లండి’’ అన్నారు. ఆయన మంచి మనిషి, చేయి తిరిగిన వైద్యుడు. ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు, ఆ ‘కావాలంటే’ మీద ఉంది. ఆస్పిరిన్ గురించి ‘కావాలంటే వేసుకోండి’ అనలేదు. కొలెస్ట్రాల్ మాత్ర గురించి అనలేదు. అటువంటి మాట డాక్టరు నోట వస్తే ఇంట్లోవాళ్లు దాన్ని ‘అక్కర్లేదు’ అని అనువదించుకుంటారు. బయటికి వచ్చి చెప్పులు వేసుకుంటుండగానే మా ఆయన అనువాదం పూర్తయింది: ‘‘ఆయనే అక్కర్లేదన్నారు కదా.’’

అయినా కింద కౌంటరులో అడిగాను. ఫిజియోథెరపీకి వెళ్లమన్నారు. అక్కడ మోకాళ్లవాళ్లు, నడుములవాళ్లు వరుసగా ఉన్నారు. గుండె సంగతి తమకు తెలియదన్నారు. చివరికి ఒక ఆయా చెప్పింది, మూడో అంతస్తులో ఎకో తీసే గది వెనక ఇంకో గది ఉందని. అందులో రెండు ట్రెడ్‌మిల్లులు, రెండు సైకిళ్లు, గోడకు ఒక తెర. 28 ఏళ్లుంటాయేమో, ఒక ఫిజియోథెరపీ అబ్బాయి కాగితాలు సర్దుకుంటున్నాడు. ‘‘ఎవరు పంపారమ్మా?’’ అని ఆశ్చర్యపోయాడు. ‘‘ఏడో పేజీ పంపింది బాబూ’’ అన్నాను.

వారానికి మూడు రోజులు, పన్నెండు వారాలు, మొత్తం 36 పూటలు. పూటకు 600 రూపాయలు. అంటే 21,600. ఆటోకు రానుపోను 260 చొప్పున 9,360. వెరసి 30,960. బీమా కంపెనీకి రాస్తే, ఆసుపత్రిలో చేరని వైద్యానికి ఇవ్వబోమని జవాబు వచ్చింది. ఛాతీ తెరవడానికి లక్షలిచ్చిన పాలసీకి, ఆ ఛాతీ మళ్లీ పనిచేయడానికి ముప్ఫై వేలు లేవు. మా ఆయన, ‘‘ఆ డబ్బుతో ఇంట్లోనే ట్రెడ్‌మిల్ కొనుక్కోవచ్చు’’ అన్నారు. బెంగళూరులో మా అబ్బాయి ఇంట్లో ఒకటుంది. దాని మీద తువ్వాళ్లు చక్కగా ఆరుతాయి. మా ఆడపడుచు మరీ కంగారుపడింది: ‘‘కోసి కుట్టిన గుండెను పరుగెత్తించడమేమిటి వదినా, ఏమైనా అయితే?’’ నాకూ లోపల అదే భయం. ఆమె ముందు ఒప్పుకోలేదు, అంతే.

డబ్బు కాదు, మొండితనమే నన్ను పంపింది. ఎక్కువమందికి అంత మొండితనం ఉండదు, ఉండాల్సిన పనీ లేదు.

మొదటి రోజు వ్యాయామమేమీ చేయించలేదు. 30 మీటర్ల నడవాలో రెండు చివరలా రెండు నారింజరంగు శంకువులు పెట్టి, ఆరు నిమిషాల్లో ఎంత నడవగలనో చూశారు. ఒకసారి ఆగి, గోడ పట్టుకుని, 228 మీటర్లు నడిచాను. చేతులు కట్టుకుని కుర్చీలోంచి 30 సెకన్లలో ఎన్నిసార్లు లేవగలనో చూశారు. ఆరు. నాకు ఎప్పుడూ నూటికి ఆరు రాలేదు. తర్వాత ఆ అబ్బాయి ఒక ప్రశ్న అడిగాడు: ‘‘అమ్మా, మీకు ఏం చేయాలని ఉంది?’’ 12 రోజుల ఆసుపత్రిలోనూ, ఆరు వారాల ఇంట్లోనూ ఎవరూ అడగని ప్రశ్న అది. ఆలోచించకుండానే నోట్లోంచి వచ్చేసింది: ‘‘డాబా మీద గుమ్మడి వడియాలు పెట్టుకోవాలి.’’ మా అపార్టుమెంటులో లిఫ్టు నాలుగో అంతస్తు వరకే. అక్కడి నుంచి డాబాకు 22 మెట్లు. ఆ అబ్బాయి నవ్వలేదు. మెట్లెన్నో అడిగి రాసుకున్నాడు. నెమ్మదిగా మెట్లెక్కాలన్నా, ఊరికే కూర్చున్నప్పటికంటే ఒంటికి సుమారు నాలుగు రెట్లు ప్రాణవాయువు కావాలట. ‘‘ఇప్పుడు మీరు రెండు రెట్లు దాటితే ఆయాసపడుతున్నారు. నాలుగు దాకా వెళ్దాం’’ అన్నాడు. లెక్క అర్థమైతే నాకు భయం సగం పోతుంది.

చీర సంగతి ఒకటి చెప్పాలి, ఎవరూ చెప్పరు కాబట్టి. గుండె కొట్టుకునే తీరు తెర మీద కనబడాలంటే ఛాతీకి బిళ్లలు అంటించి తీగలు తగిలించాలి. చీరతో, జాకెట్టుతో అది పెద్ద తతంగం. అంటించడానికి ఒక నర్సమ్మాయి వచ్చేది, కానీ ఆమె మధ్యాహ్నం పూట ఉండదు. ఆమె లేని వేళ ఇచ్చి ఉంటే నేను మానేసేదాన్ని. పైగా కుచ్చిళ్లతో ట్రెడ్‌మిల్ ఎక్కితే పడతాం. అలా 69 ఏళ్ల వయసులో మా అమ్మాయి పాత పంజాబీ డ్రెస్సు తొడుక్కుని, కాళ్లకు బూట్లు వేసుకుని లిఫ్టు దిగాను. వాచ్‌మన్ నన్ను గుర్తుపట్టక ‘‘ఏ ఫ్లాటుకండీ?’’ అని అడిగాడు.

ఇక దినచర్య. వెళ్లగానే బీపీ, షుగరు, బరువు. పది నిమిషాలు ఒళ్లు వేడెక్కించడం. అది మానేస్తే గుండెకు రక్తం చాలక నొప్పి రావచ్చు. తర్వాత ట్రెడ్‌మిల్, సైకిలు. మొదట గంటకు 1.8 కిలోమీటర్ల వేగం, నత్తకు పరవాలేదు. మధ్య మధ్య విరామం. చివర పది నిమిషాలు మెల్లగా తగ్గించడం. ఉన్నట్టుండి ఆగితే రక్తం కాళ్లలో నిలిచి కళ్లు తిరుగుతాయి. కొన్ని వారాలయ్యాక రబ్బరు పట్టీలు లాగడం, అరకిలో బరువులు. ముసలివాళ్లకు గుండెతో సమానంగా తొడలు కూడా ముఖ్యమని అక్కడే తెలిసింది. ఆసుపత్రి మంచం మీద పోయిన కండ తిరిగి రాకపోతే, గుండె ఎంత బాగున్నా స్నానాలగదిలో పడి తుంటి విరగ్గొట్టుకుంటాం.

నాకు మహా నచ్చింది గోడ మీది అంకెల పట్టీ. ఎంత శ్రమగా ఉందో మనమే చెప్పాలి, 6 నుంచి 20 లోపు. ఎందుకు 6 నుంచి, ఒకటి నుంచి ఎందుకు కాదు? లెక్కల టీచరుకు ఇది నిద్రపట్టని ప్రశ్న. దాన్ని తయారుచేసిన స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ ఉద్దేశం ఏమిటంటే, ఆరోగ్యవంతుడైన యువకుడు చెప్పిన అంకెను పదితో హెచ్చిస్తే సుమారుగా అతని గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో వస్తుంది. ఊరికే కూర్చుంటే 60, అంటే 6. ఎంత అందమైన ఊహ! కానీ నాకు అది పనిచేయలేదు. నేను వేసుకునే మెటోప్రొలాల్ గుండె వేగాన్ని పట్టి ఉంచుతుంది. నాకు 13 అనిపించినప్పుడు తెర మీద 92 ఉండేది. అందుకే మాలాంటివాళ్లకు నాడి కంటే ఆ అంకే నమ్మకం. 11 నుంచి 13 మధ్య ఉండాలి. ఇంకో పరీక్ష: నడుస్తూ మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి. నేను పాటకు బదులు ఎక్కాలు చెప్పేదాన్ని. పందొమ్మిదో ఎక్కం ఆయాసం లేకుండా అయిపోతే ఆ ఫిజియో అబ్బాయి వేగం పెంచేవాడు. పక్క సైకిలు మీది అన్నయ్యగారు నన్ను చూసి తానూ మొదలుపెట్టి, ఏడో ఎక్కంలో తప్పారు. దిద్దాను. అలవాటు.

ఆయనది పెదజాలరిపేట. 74 ఏళ్లు, యాభై ఏళ్లు సముద్రం మీద తిరిగిన మనిషి. స్టెంటు వేశాక కొడుకులు పడవ ఎక్కనివ్వడం లేదని ఆయన దుఃఖం. అనకాపల్లి నుంచి ఒక బెల్లం వ్యాపారి వచ్చేవారు. సీతమ్మధార నుంచి ఒక వదినగారు, 76 ఏళ్లు, గుండె బలహీనపడి నీరు చేరిన మనిషి. మాటకు ముందు నవ్వేది. మొత్తం ఏడుగురం. అందరి ఛాతీల మీదా ఏదో ఒక గీత, లేకపోతే మణికట్టు మీద స్టెంటు వేసిన ఒక చుక్క. ఇంట్లో నేను ఏడిస్తే అందరూ కంగారుపడేవారు. ఇక్కడ నాలుగో వారంలో ఒకరోజు ఏ కారణమూ లేకుండా కన్నీళ్లు వస్తే, వదినగారు సైకిలు తొక్కుతూనే, ‘‘నాకు మూడో వారంలో వచ్చాయమ్మా’’ అంది. ఆపరేషను తర్వాత మనసు ఇలా కుంగడం మామూలేనని ఫిజియో అబ్బాయి తర్వాత వివరంగా చెప్పాడు. ఆ వివరం కంటే ఆమె అన్న ముక్కే పనిచేసింది.

కార్తీకమాసంలో ఒక సోమవారం ఉపవాసం ఉండి వెళ్లాను. షుగరు మాత్ర వేసుకున్నాను, అన్నం తినలేదు. ఎవరికీ చెప్పలేదు. సూది గుచ్చి చూస్తే 68. ఆ గదిలో వందకు తక్కువుంటే తినిపించి, పావుగంట ఆగి మళ్లీ చూస్తేగాని మొదలుపెట్టనివ్వరు. 68కి ఆ అబ్బాయి ముఖం పాలిపోయింది. గ్లూకోజు నీళ్లు తాగించి, కూర్చోబెట్టి, ‘‘అమ్మా, ఇంట్లో ఒంటరిగా నడకకు వెళ్లి ఉంటే?’’ అన్నాడు. ఆ పూట వ్యాయామం లేదు, 600 పోయాయి. శివుడికి ఆ సాయంత్రం దీపం పెట్టి, ఇక నుంచి సోమవారాలు పళ్లూ పాలతో సరిపెట్టుకోమని మనవి చేసుకున్నాను.

ఇదంతా నిజంగా పనిచేస్తుందా అన్న అనుమానం నన్ను మొదటి నుంచీ పీకుతూనే ఉంది. మందుల దుకాణం నడిపే మా అమ్మాయి హైదరాబాదు నుంచి పరిశోధనల సారాంశాలు పంపేది. మార్కులు వేసినట్టు వాటిని చదివాను. 2021లో, వైద్య అధ్యయనాలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 85 అధ్యయనాలను, 23 వేలకు పైగా రోగులను కలిపి చూసింది. వ్యాయామంతో కూడిన ఈ పునరావాసం వల్ల గుండె జబ్బుతో వచ్చే మరణాలు సుమారు నాలుగో వంతు తగ్గాయి. బాగుంది. కానీ అందులో నాలాంటి ఆడవాళ్లు తక్కువ. మన దేశంలోనే 24 ఆసుపత్రుల్లో, 3,959 మంది మీద యోగాతో చేసిన పరీక్ష ఒకటుంది, 2020లో అచ్చయింది. యోగా నేర్చినవాళ్లు ఆరోగ్యం మెరుగ్గా ఉందన్నారు, పాత పనుల్లోకి బాగా తిరిగి వెళ్లారు. మరణాలు, గుండెపోట్ల విషయంలో మాత్రం స్పష్టమైన తేడా తేలలేదు. తరగతులకు క్రమంగా వచ్చినవాళ్లలో అవి తక్కువగా కనిపించాయట. అది చదివి నేను పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టాను. బడికి రోజూ వచ్చే పిల్లవాడికి మార్కులు ఎక్కువ రావడానికి బడి ఒక్కటే కారణం కాకపోవచ్చు.

నన్ను ఒప్పించింది ఇటలీ అధ్యయనం. 2025లో వచ్చింది. 65 దాటి, గుండెపోటు తర్వాత నడకలో తడబడుతున్న 512 మంది. మధ్యగత వయసు 80, అంటే సగంమందికి 80 లేదా ఆ పైనే. మామూలు సలహాలతో వదిలేసినవాళ్లలో ఏడాదిలోపు గుండె జబ్బుతో చనిపోయినవాళ్లు, లేదా మళ్లీ అనుకోకుండా ఆసుపత్రి పాలైనవాళ్లు 20.6 శాతం. వ్యాయామం, ఆహార సలహా, బీపీ షుగర్ల అదుపు కలిపి చూసుకున్నవాళ్లలో 12.6 శాతం. అంటే వందమందిలో ఎనిమిది మంది ఇంట్లోనే ఉన్నారు. 80 ఏళ్లవాళ్లకు! ‘ఈ వయసులో ఎందుకు’ అన్నవాళ్లకు ఆ అంకెలు చూపించాను. అర్థం చేసుకున్నది ఒక్కరే, అదీ మా వాచ్‌మన్ కొడుకు. పదో తరగతి.

మరి ఇంత మంచిదైతే జనం ఎందుకు రారు? అమెరికాలో 65 దాటినవారికి ఉండే ప్రభుత్వ బీమా మెడికేర్ ఈ 36 పూటల ఖర్చులో చాలా భాగం భరిస్తుంది. అయినా 2016లో అర్హులైనవారిలో మొదలుపెట్టింది సుమారు నాలుగో వంతు. మొదలుపెట్టినవారిలో మొత్తం పూర్తిచేసింది మళ్లీ నాలుగో వంతుకు కాస్త పైన. నాలుగో వంతులో నాలుగో వంతు అంటే పదహారింట ఒకరు. ఆడవాళ్లు, బాగా పెద్దవాళ్లు ఇంకా తక్కువ. డబ్బొక్కటే కారణమైతే అక్కడ గదులు నిండిపోవాలి కదా.

మా ఏడుగురిలో ఎలా జరిగిందో చెబుతాను. బెల్లం వ్యాపారి తొమ్మిదో పూటతో ఆగిపోయారు. అనకాపల్లి నుంచి రానుపోను ఒక పూట పోతుంది, మార్కెట్టు సీజను వచ్చింది. ఇద్దరికి తోడు వచ్చే కొడుకులకు సెలవు దొరకలేదు. సీతమ్మధార వదినగారు పద్నాలుగో పూట తర్వాత రాలేదు. ఫోను చేస్తే, కోడలికి ఉద్యోగంలో వేళలు మారాయని, మనవణ్ణి బడి నుంచి తీసుకురావాల్సింది తానేనని చెప్పింది. ‘‘నడుస్తూనే ఉన్నానులే అమ్మా, బడి దాకా’’ అని నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. తన గుండె కోసం గంట కావాలని ఆ ఇంట్లో అడగడం ఆమెకు చేతకాలేదు. నాకూ చేతనయ్యేది కాదు, మా మనవలు బెంగళూరులో ఉన్నారు కాబట్టి సరిపోయింది.

నా కోపం ఆ గది మీద కూడా కొంత ఉంది. సంక్రాంతికి మా అబ్బాయి వాళ్లు వచ్చినప్పుడు నేను రెండు వారాలు వెళ్లలేకపోయాను. అప్పుడు ఫిజియో అబ్బాయి తన సొంత చొరవతో ఒక కాగితం రాసిచ్చాడు: ఏ రోజు ఎన్ని నిమిషాలు, ఏ అంకె దాకా, ఏ లక్షణం కనిపిస్తే ఆగాలి. సాయంత్రాలు ఫోను చేసి అడిగేవాడు. తెల్లవారుజామున బీచ్ రోడ్డులో వాహనాలు ఆపేస్తారు కదా, ఆ వేళ వెళ్లి, ఎడమపక్క సముద్రం, జేబులో గ్లూకోజు బిళ్లలు పెట్టుకుని నడిచాను. ఆ రెండు వారాల్లో నేనేమీ వెనకబడలేదు. ఇంటి దగ్గర చేసినా, సరిగ్గా కనిపెట్టుకుంటే, ఆసుపత్రిలో చేసినంత ఫలితం ఉంటుందని అధ్యయనాలూ చెబుతున్నాయి. ఇటలీ వృద్ధులు కూడా చాలావరకు ఇంట్లోనే చేశారు. మరి ఆ కాగితం, ఆ ఫోను అనకాపల్లికి ఎందుకు వెళ్లలేదు? అడిగాను. ‘‘అలాంటి ఏర్పాటు లేదమ్మా’’ అన్నాడు. నాకు ఎలా వచ్చింది మరి? వాడి మంచితనం వల్ల వచ్చింది. వైద్యం మంచితనం మీద ఆధారపడితే పదహారింట ఒకరే మిగులుతారు.

ఆహారం గురించి చెప్పే అమ్మాయి వారానికొకసారి వచ్చేది. మొదటి మాటే ఓట్స్. ఉత్తరాంధ్రలో చోళ్లు, అంటే రాగులు, ఉండగా ఓట్స్ ఎందుకు? అంబలి కాచుకుంటానన్నాను, ఒప్పుకుంది. ఉప్పు రోజుకు ఒక చిన్న చెంచా, ఐదు గ్రాములు, అందులోనే ఆవకాయా, అప్పడమూ, పచ్చిపులుసూ అన్నీ. కొలిచి చూస్తే మా ఇంట్లో మనిషికి రెండు చెంచాలు పోతోంది. నా కాగితం మీద లక్ష్యం గడిలో ‘గుమ్మడి వడియాలు’ అని చూసి, ‘‘ఇది ఉప్పూ నూనే కదా అమ్మా?’’ అంది. ‘‘పెట్టడం నా లక్ష్యం, తినడం కాదు’’ అన్నాను.

ఫిబ్రవరి రెండో వారంలో 36వ పూట. అదే నడవా, అవే శంకువులు. ఆగకుండా 342 మీటర్లు. పాతిక ముప్ఫై పెరిగినా లెక్కలోకి వస్తుందట, నాకు 114 పెరిగాయి. కుర్చీలోంచి పదకొండుసార్లు లేచాను. ఏడుగురిలో చివరిదాకా మిగిలింది ముగ్గురం. జాలరిపేట అన్నయ్యగారు ఆ రోజు మాకు ఎండుచేపలు తెచ్చారు. ఆహారం అమ్మాయి చూడకముందే నర్సమ్మాయి సంచీలో దాచేసింది.

మార్చి మొదటి ఆదివారం వడియాల ముహూర్తం. ముందు రాత్రి గుమ్మడికాయ ముక్కలు మా ఆయనే తరిగారు, వంకరటింకరగా. ఉప్పు సగమే వేశాను. పొద్దున్నే పిండి గిన్నె ఆయన పట్టుకుంటానన్నారు. దాంతోపాటు ఒక ప్లాస్టిక్ కుర్చీ కూడా తీసుకున్నారు, నాకు మధ్యలో ఆయాసం వస్తే కూర్చోవడానికి. నేను రైలింగు పట్టుకుని, ఒక్కో మెట్టుకు పందొమ్మిదో ఎక్కంలో ఒక్కో ముక్క చొప్పున ఎక్కాను. పదో మెట్టు దగ్గర, 190 అన్నప్పుడు, 12 అనిపించింది. ఆగలేదు. పైకి చేరి తడి పంచె పరిచి వెనక్కి చూస్తే ఆయన లేరు. మలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నారు, గిన్నె ఒళ్లో, నుదుటి మీద చెమట. దిగి వెళ్లి మణికట్టు పట్టుకుని లెక్కపెట్టాను. 118.

‘‘ఎన్నాళ్ల నుంచి ఇలా?’’ అన్నాను.

‘‘ఏమీ లేదు, గ్యాసు’’ అన్నారు.

మర్నాటికే కార్డియాలజిస్టు దగ్గర టోకెను తీసుకున్నాను. చెప్పినప్పటి నుంచి ఆయనది ఒకటే మాట: ‘‘సరేలే, కావాలంటే వెళ్తాను.’’